ఒకటో నంబరుకు ‘ప్రమాదం’ తగిలించకండి

సంపాదకులకు నమస్కారం.

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే చాలు, మర్నాడు ‘కోస్తా పోర్టుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక’ అనే వార్త ఖాయం. ఒకటి రెండు రోజుల్లో అది ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అవుతుంది. వాతావరణ శాఖ ఓడరేవులకు ఇచ్చే సిగ్నళ్లు మొత్తం పదకొండు. వాటిలో ‘డేంజర్’ అన్న మాట అయిదో నంబరు దాకా రానే రాదు. అంతకు ముందున్న నాలుగింటికీ ఆ పేరు తగిలించింది తెలుగు వార్తలే. ఈ అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, అధికారుల ప్రకటనల్లోనూ అదే మాట కనిపిస్తోంది.

ఒకటో నంబరు పేరు డిస్టెంట్ కాషనరీ. దూరంగా సముద్రంలో వాయుగుండం ఉంది, బలపడవచ్చు, రేవుకు మాత్రం ఇప్పుడే ఏమీ లేదని దాని అర్థం. రెండోది డిస్టెంట్ వార్నింగ్. దూరాన తుపాను ఏర్పడింది కాబట్టి, రేవు వదిలి వెళ్లే ఓడలు దారి చూసుకోవాలి. మూడోది లోకల్ కాషనరీ: రేవులోనే ఈదురుగాలులు వీయవచ్చు. నాలుగోది లోకల్ వార్నింగ్: తుపాను ఈ రేవును తాకవచ్చు, అయితే గట్టి చర్యలన్నీ తీసుకోవాల్సినంతగా ఇంకా ముదరలేదు. రెండు దూరపువి, రెండు స్థానికమైనవి. తుపానుగా మారకుండానే వాయుగుండం తీరానికి దగ్గరైతే రెండో నంబరుతో పని లేకుండా ఒకటి నుంచి నేరుగా మూడుకు వెళ్తారు. మధ్యలో రెండు ఏమైందని చాలామంది అడిగేది అందుకే.

అసలు చిక్కంతా 5 నుంచి 10 వరకు ఉన్న నంబర్లతో. 5, 6, 7 డేంజర్ సిగ్నళ్లు. 8, 9, 10 గ్రేట్ డేంజర్, అంటే మహా ప్రమాదం. మొదటి మూడూ తుపానుకు, తర్వాతి మూడూ తీవ్ర తుపాను, ఆపై స్థాయిలకు. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుపాను, 89 అందుకుంటే తీవ్ర తుపాను. ఒక్కో మూడింటి లోపల మాత్రం నంబరు పెరగడానికీ తీవ్రత పెరగడానికీ సంబంధం లేదు. అక్కడ నంబరు చెప్పేది దిక్కును. తుపాను వెళ్లే దారికి ఎడమ వైపు పడే రేవుకు 5 లేదా 8, కుడి వైపు పడే రేవుకు 6 లేదా 9, తుపాను నేరుగా మీదుగానో అతి సమీపంగానో దాటే రేవుకు 7 లేదా 10.

ఒక తీవ్ర తుపాను పడమరగా వచ్చి కాకినాడ దగ్గర తీరం దాటుతుందనుకుందాం. కాకినాడకు 10, కుడి పక్కనున్న విశాఖకు 9, ఎడమ పక్కనున్న మచిలీపట్నానికి 8 వస్తాయి. వార్తలో ఈ మూడు అంకెలూ వరసగా చూసిన బందరు మనిషి తమకు గండం కాస్త తక్కువేనని అనుకుంటాడు. 8 ఆ మాట చెప్పడం లేదు, తుపాను ఏ వైపు నుంచి పోతుందో చెబుతోంది. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. పడమరగా వచ్చే తుపానుకు కుడి వైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది, ఉప్పెన భయం ఆ పక్కనే ఎక్కువ. ఎడమ వైపున గాలి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటితే, సుమారు 5 మీటర్ల ఉప్పెన ముంచింది దానికి కుడి వైపునున్న దివిసీమను. అయితే తుపాను తీరం వెంబడే ఉత్తరంగా ఒడిశా వైపు సాగిపోతే మన రేవులన్నీ ఎడమ వైపే పడతాయి. కుడి ఎడమలు తుపాను నడిచే దిక్కును బట్టే తప్ప మ్యాపులో ఉత్తర దక్షిణాలను బట్టి కాదు.

అంకె పెరిగితే ముప్పు పెరిగినట్టే అన్న లెక్క మనకు గోదావరి నేర్పింది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. ఒకే చోట, ఒకే కొలతతో నీటిమట్టాన్ని చూసి చెప్పేవి గనక ఇవి నిజంగానే మెట్లు. ఆ అలవాటుతోనే ఓడరేవు నంబర్లను కూడా మెట్లుగా చదువుతున్నాం. ఇక పదకొండో నంబరు సంగతి చూడండి. పది కన్నా పెద్ద అంకె కాబట్టి ప్రళయమేనని భయపెట్టే వీడియోలు తుపాను రోజుల్లో తిరుగుతుంటాయి. తుపాను హెచ్చరికల కేంద్రంతో రేవుకు సమాచార సంబంధాలు తెగిపోయాయన్నదే ఆ సిగ్నల్ అర్థం. చిన్న నౌకలే వచ్చే కొన్ని రేవుల్లోనైతే 3, 4, 7, 10, 11 మాత్రమే వాడతారు. అక్కడ నాలుగు తర్వాత ఏడు పెడితే ఒక్కసారిగా మూడు మెట్లు ఎక్కినట్టు కాదు.

ఇంకో సంగతి. ఈ సిగ్నళ్లు ఓడల కోసం. 1864 తుపాను కలకత్తాను దెబ్బతీశాక, 1865లో ఆ రేవుకు హెచ్చరికలు ఇవ్వడంతో మన దేశంలో ఇవి మొదలయ్యాయి. స్తంభానికి పగలు శంకువు, డ్రమ్ము ఆకారాలు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు ఎత్తేది నావికుడు దూరం నుంచి చూడాలనే. వేటకు వెళ్లే మత్స్యకారుల హెచ్చరిక వేరుగా వస్తుంది. గాలి గంటకు 45 కిలోమీటర్లు దాటే సూచన ఉంటే, రేవులో ఏ నంబరు ఉన్నా, అసలేదీ లేకపోయినా, అది జారీ కావచ్చు. ‘ఒకటో నంబరే కదా’ అని బోటు తీయడం అందుకే తప్పు. ఊళ్లు ఖాళీ చేయించడం, బడులకు సెలవు వంటి నిర్ణయాలకు జిల్లాలవారీగా వచ్చే పసుపు, నారింజ, ఎరుపు రంగుల సూచనలు, తీరం దాటే చోటు, ఉప్పెన ఎత్తు చూడాలి గానీ రేవు నంబరు కాదు.

ప్రతి వాయుగుండానికీ ‘ప్రమాదం’ అని రాస్తూ పోతే, అయిదో నంబరు నిజంగా వచ్చిన రోజు వాడటానికి మన దగ్గర మాట మిగలదు. అందుకే ఒక చిన్న సవరణ కోరుతున్నాను. 1 నుంచి 4 వరకు ‘ఓడరేవు హెచ్చరిక’ అనీ, 5 నుంచి 7 వరకు ‘ప్రమాద సిగ్నల్’ అనీ, 8 నుంచి 10 వరకు ‘మహా ప్రమాద సిగ్నల్’ అనీ రాయండి. అంకె పక్కనే అర్థం కూడా ఇవ్వండి. ఉదాహరణకు: ‘మచిలీపట్నంలో 8వ నంబరు మహా ప్రమాద సిగ్నల్; తీవ్ర తుపాను దారికి ఎడమ వైపున రేవు.’ శీర్షికలో చోటు చాలకపోతే అంకె తీసేసినా నష్టం లేదు, అర్థం ఉంచండి.

– ఒక పాఠకుడు, మచిలీపట్నం