మా బిల్లింగ్ యాప్ తయారీ విధానంలో మార్పు: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వర్తక మిత్రులకు వివరణ

నమస్కారం. మా బిల్లింగ్ యాప్‌ను మీ దుకాణాల్లో వాడుతున్న మీ అందరికీ ఒక మార్పును దాపరికం లేకుండా తెలియజేయడం మా బాధ్యత. ఇప్పటిదాకా యాప్ కొత్త వెర్షన్ ఏదైనా రాయగడలోని మా ఆఫీసులో, ఒకే ఒక్క కంప్యూటర్ మీద తయారయ్యేది. ఈ నెల నుంచి, మా సోర్స్ కోడ్ ఉన్న గిట్‌హబ్ (కోడ్‌ను ఇంటర్నెట్‌లో భద్రపరిచే సేవ) ఖాతాను సర్కిల్‌సీఐ అనే ఆటోమేటిక్ బిల్డ్ సేవకు, అంటే కోడ్ నుంచి యాప్‌ను తయారుచేసే సేవకు, అనుసంధానించాము. కోడ్‌లో మేము ఒక్క వరుస మార్చి గిట్‌హబ్‌కు పంపినా ఆ కబురు వెంటనే బిల్డ్ సేవకు అందుతుంది. అక్కడ అప్పటికప్పుడు సిద్ధమయ్యే ఖాళీ యంత్రం ఒకటి మా కోడ్‌ను తెచ్చుకొని, యాప్‌ను మొదటి నుంచి తయారుచేసి, మేము రాసిపెట్టిన పరీక్షలన్నీ వరుసగా నడిపి, ఎక్కడ తప్పిందో, ఎక్కడ నెగ్గిందో మాకు చెబుతుంది.

బయటి సంస్థకు కోడ్ ఇస్తే తమ లెక్కల పద్దులు కూడా ఇచ్చినట్టేనా అని గుణుపురం నుంచి ఒక కిరాణా వర్తకుడు ఫోన్ చేసి అడిగారు. కాదు. మీ అమ్మకాలు, అప్పు పద్దులు, గిరాకీదారుల ఫోన్ నంబర్లు మీ ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో ఉంటాయి, వాటి బ్యాకప్ మీ సొంత గూగుల్ డ్రైవ్‌లో ఉంటుంది. గిట్‌హబ్‌లో ఉన్నది యాప్‌ను తయారుచేసే కోడ్ మాత్రమే. పరీక్షలకు వాడే దుకాణాల పేర్లు, సరుకుల ధరలు, బిల్లులు అన్నీ మేము కల్పించినవే. సాయం కోసం మీరు వాట్సాప్‌లో పంపే బిల్లుల ఫోటోలు ఏవీ కోడ్‌లోకి గానీ పరీక్షల్లోకి గానీ వెళ్ళవు, ఇకమీదట కూడా వెళ్ళవు.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరమైందో చెప్పడానికి 2025 సెప్టెంబరు ఒక్కటి చాలు. ఆ నెల 3వ తేదీన జీఎస్టీ మండలి కొత్త రేట్లను ప్రకటించింది, 22 నుంచి అవి అమలులోకి వచ్చాయి. 12 శాతంలో ఉన్న సరుకులు చాలావరకు 5 శాతానికి, 28లో ఉన్నవి చాలావరకు 18కి మారాయి. అమలు మొదలైంది నవరాత్రుల మొదటి రోజున. దసరా సరుకు దుకాణాల్లోకి దిగి, గిరాకీ ఊపందుకునే వేళ అది. అలాంటి రోజుల్లో మా ఆఫీసు కంప్యూటర్ చెడిపోయినా, వానకు కరెంటు పోయి గంటల తరబడి రాకపోయినా, మీరు పాత రేటుతో బిల్లులు కొట్టాల్సి వస్తుంది. పన్ను రేటు మారినప్పుడు అప్‌డేట్ ఒక పూట ఆలస్యమైతే ఆ పూట కొట్టిన ప్రతి బిల్లునూ తర్వాత సరిచేసుకోవాలి. వర్తకుడిని ఆ స్థితిలో పెట్టే హక్కు మాకు లేదని మా నమ్మకం.

ఇక అన్నిటికంటే ఎక్కువ ఆలోచించి నిర్ణయించిన విషయం, బిల్డ్ సేవకు మా గిట్‌హబ్ ఖాతాలో ఎంతవరకు ప్రవేశం ఇవ్వాలన్నది. అనుసంధానానికి రెండు దారులు ఉన్నాయి. పాత దారిలో ఓఆత్ అనే పద్ధతిలో ఒక్క బటన్ నొక్కి అనుమతి ఇచ్చేస్తే, ఆ ఖాతాదారు చూడగలిగిన ప్రైవేటు రిపాజిటరీలన్నిటినీ (రిపాజిటరీ అంటే ఒక్కో ప్రోగ్రాం కోడ్‌ను విడిగా ఉంచే చోటు) చదివే, మార్చే అధికారం ఒకేసారి బయటి సేవకు వెళ్ళిపోతుంది. రెండోది గిట్‌హబ్ యాప్ పద్ధతి. ఇందులో ఏ రిపాజిటరీని చూపించాలో మనమే ఎంచుకోవచ్చు, బయటి సేవకు ఇచ్చే టోకెన్ (ప్రవేశ చీటీ లాంటిది) గంటలో దానంతటదే చెల్లకుండా పోతుంది. బియ్యం గోదాములో బస్తాలు దించడానికి వచ్చిన వ్యక్తికి ఆ గోదాము తాళం చెవి ఇస్తాము గానీ, ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇవ్వము కదా. మేము రెండో దారినే ఎంచుకున్నాము, బిల్లింగ్ యాప్ ఉన్న ఒక్క రిపాజిటరీనే చూపించాము. రేపు ఆ సేవ ఇంకేదైనా అనుమతి కొత్తగా కోరితే, ఖాతా యజమానిగా నేను ఒప్పుకుంటే తప్ప అది అమలులోకి రాదు; అలాంటి కోరిక వస్తే ఒప్పుకునే ముందే మీకు తెలియజేస్తాను.

ఇంత పట్టింపు అవసరమా అని అనిపించవచ్చు. 2022 ఏప్రిల్‌లో గిట్‌హబ్ ఒక ప్రకటన చేసింది: హెరోకు, ట్రావిస్ సీఐ అనే రెండు సేవలకు జారీ అయిన ఓఆత్ టోకెన్లను ఎవరో దొంగిలించి, వాటితో పదుల సంఖ్యలో సంస్థల ప్రైవేటు కోడ్‌ను దించుకున్నారని దాని సారాంశం. మేము ఎంచుకున్న సర్కిల్‌సీఐకి కూడా ఇలాంటి చరిత్ర ఉంది, దాన్ని మీ నుంచి దాచడం మంచిది కాదు. ఆ సంస్థ ఉద్యోగి ఒకరి ల్యాప్‌టాప్‌లోకి 2022 డిసెంబరులో హానికరమైన ప్రోగ్రాం చొరబడింది. 2023 జనవరి 4న ఆ సంస్థ, తమ దగ్గర దాచుకున్న రహస్య తాళాలన్నిటినీ (పాస్‌వర్డ్‌ల వంటివి) వెంటనే మార్చుకోమని వినియోగదారులందరినీ కోరింది. ఏం జరిగిందో తేదీలతో సహా బయటపెట్టిన తీరు మాకు నచ్చింది, అయినా మళ్ళీ జరగదన్న ధీమాతో మేము లేము. అందుకే, అక్కడ పెట్టినది ఏదైనా ఒకరోజు బయటపడవచ్చు అని అనుకొనే, ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో తేల్చుకున్నాము.

పెట్టనిది ముఖ్యంగా ఒకటి ఉంది: యాప్ మీద సంతకం చేసే తాళం, అంటే ఈ యాప్ మా దగ్గర నుంచే వచ్చిందని చూపే డిజిటల్ ముద్ర వేయడానికి వాడే రహస్య ఫైలు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక యాప్‌కు అప్‌డేట్ ఎక్కాలంటే, పాత వెర్షన్ మీద ఉన్న సంతకమే కొత్తదాని మీద కూడా ఉండాలి. లేకపోతే ఫోన్ దాన్ని తీసుకోదు. ఆ తాళం చేజిక్కిన వ్యక్తి మా పేరుతో నకిలీ అప్‌డేట్ తయారుచేస్తే మీ ఫోన్ గుర్తుపట్టలేదు. కాబట్టి ఆ తాళం మా ఆఫీసు దాటి పోదు. బిల్డ్ సేవ తయారుచేసేది సంతకం లేని ఫైలు. మామూలుగా విడుదల రోజున అదే కోడ్‌తో ఆఫీసులో కూడా యాప్‌ను విడిగా తయారుచేసి, రెండు ఫైళ్ళూ పొల్లు పోకుండా ఒకటేనని తేలాకే సంతకం చేస్తాము. తయారైన సమయం వంటివి ఫైలులోకి చేరితే రెండూ ఎన్నటికీ కలవవు కనుక, అవి చేరకుండా ముందే ఏర్పాటు చేసుకున్నాము. దీనివల్ల విడుదలకు కొంత సమయం ఎక్కువ పడుతుంది, ఆ ఆలస్యాన్ని మేము ఇష్టపూర్వకంగా భరిస్తాము.

మీ వైపు నుంచి ఒక్క జాగ్రత్త కోరుతున్నాము. అప్‌డేట్ వేసేటప్పుడు అది ఉన్న యాప్‌తో పొసగడం లేదని ఫోన్ చెప్పినా, పాత యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమని ఎవరైనా సలహా ఇచ్చినా, దయచేసి అక్కడే ఆగి మాకు ఫోన్ చేయండి. సంతకం వేరైనప్పుడు వచ్చే హెచ్చరిక అది. పైగా పాత యాప్‌ను తీసేస్తే ఫోన్‌లో ఉన్న మీ పద్దులు కూడా దానితోపాటే పోతాయి. లోపలి గ్రామాల్లో అప్‌డేట్ ఫైలును ఒకరి నుంచి ఒకరు వాట్సాప్‌లో పంపుకొనే అలవాటు ఉందని మాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాము.

ఖాళీ యంత్రం మీద యాప్ తయారు కావడంలోని మేలు ఏమిటో మొదటి వారంలోనే మాకు అర్థమైంది. మా ఆఫీసు కంప్యూటర్‌లో తెలుగు, ఒడియా ఫాంట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. బిల్డ్ సేవ యంత్రంలో ఏ భారతీయ భాష ఫాంటూ లేదు; అక్కడ పరీక్షగా తయారైన బిల్లులో వెల్లుల్లి, ఉప్మా రవ్వ అని రావలసిన చోట వరుసగా పెట్టెలు వచ్చాయి, ఒడియాలో రాసిన హరడ డాలి (కందిపప్పు) కూడా అంతే. యాప్‌కు కావలసిన ఫాంట్లు యాప్‌తోనే వెళ్ళాలి, ఏ యంత్రంలో ఏముందన్న దానిమీద అది ఆధారపడకూడదు. ఇప్పుడు మూడు అంగుళాల థర్మల్ కాగితం మీద రెండు లిపుల ఒత్తులూ సరిగా కూర్చుంటున్నాయో లేదో ప్రతి మార్పుకూ పరీక్ష జరుగుతుంది.

గడియారం సంగతి ఇంకా ముఖ్యమైనది. ఆ యంత్రాల గడియారం అంతర్జాతీయ ప్రమాణ సమయంలో నడుస్తుంది, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున నాలుగింటికే గోదాము తెరిచి లారీకి లోడు ఎత్తించే టోకు వర్తకులు మనలో ఉన్నారు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున నాలుగింటికి కొట్టిన బిల్లును యాప్ మన సమయాన్ని బట్టి కాక ఆ అంతర్జాతీయ సమయాన్ని బట్టి లెక్కిస్తే, దాని మీద మార్చి 31 అని పడుతుంది. అంటే బిల్లు నిరుటి ఆర్థిక సంవత్సరంలోకి, నిరుటి వరుస సంఖ్యలోకి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క సమయానికే ప్రత్యేకంగా ఒక పరీక్ష రాసి పెట్టాము.

సరిహద్దు వ్యాపారానికి సంబంధించిన పరీక్షలే మా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి. రాయగడ దుకాణం నుంచి వెయ్యి రూపాయల సరుకు 5 శాతం పన్నుతో గుణుపురం వర్తకుడికి వెళితే ఇద్దరి జీఎస్టీ నంబర్లూ ఒడిశా సంకేతమైన 21తోనే మొదలవుతాయి, కనుక బిల్లులో సీజీఎస్టీ (కేంద్రం వాటా) 25, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 25 రావాలి. అదే సరుకును పార్వతీపురం పంపిస్తే అక్కడి నంబరు ఆంధ్రప్రదేశ్ సంకేతమైన 37తో మొదలవుతుంది, అప్పుడు ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకంపై పన్ను) ఒక్కటే 50 రావాలి. కట్టే మొత్తం ఒకటే అయినా, పద్దు తప్పు చోట పడితే కొన్నవారికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనేటప్పుడు కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) దగ్గర చిక్కు వస్తుంది, ఆ మాట పడేది మీరు. కోడ్‌లో మేము ఎంత చిన్న మార్పు చేసినా ఈ లెక్కలన్నీ మళ్ళీ మొదటి నుంచి నడవాల్సిందే. ఒక్కటి తప్పినా ఆ వెర్షన్ మీ దాకా రాదు.

బిల్డ్ సేవ పనిచేయని రోజులు కూడా వస్తాయి. అలాంటి రోజుల కోసం ఆఫీసు కంప్యూటర్‌ను, అందులోని పాత ఏర్పాటును అలాగే ఉంచుతున్నాము. ఈ సేవకు అయ్యే ఖర్చును మీ వార్షిక రుసుములో కలపడం లేదు.

జయపురం, పర్లాకిమిడి వైపు కొందరు రైస్ మిల్లు, జీడిపప్పు వ్యాపారుల కోసం మేము విడిగా రాసిచ్చిన కాటా ప్రోగ్రాంల కోడ్ వేరే రిపాజిటరీల్లో ఉంది. వాటిని బిల్డ్ సేవకు చూపించలేదు, వాటి యజమానుల లిఖితపూర్వక సమ్మతి లేకుండా చూపించబోము. తమ ప్రోగ్రాంకు కూడా ఈ పరీక్షలు కావాలనుకునేవారు ఒక ఉత్తరం ఇస్తే, ఏ అనుమతి ఇస్తున్నామో ఆఫీసులో వారి ఎదుటే స్క్రీన్ మీద చూపించి, ఆ తర్వాతే కలుపుతాము.