వెటరన్స్ డే: భగత్ సింగ్ థింద్ గారి కోసం

అందరికీ నమస్కారం 🙏

నవంబర్ 11 సాయంత్రం 5కి కమ్యూనిటీ హాల్లో కలుద్దాం. ఈసారి థింద్ గారి గురించి. పంజాబ్ నుంచి వచ్చి 1918లో అమెరికా సైన్యంలో చేరారు. క్యాంప్ లూయిస్‌లో అందరూ టోపీల్లో ఉంటే ఆయనొక్కరే తలపాగాతో నిలబడిన ఫోటో పెద్దగా ప్రింట్ చేయించాం, పిల్లలకు దగ్గరగా చూపించండి. అలాంటి మనిషిని తెల్లవాడు కాదంటూ 1923లో సుప్రీంకోర్టు పౌరసత్వానికి అర్హుడే కాదంది, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. చివరికి 1936లో గానీ అది దక్కలేదు.

ఇంటికో వంటకం తెండి. ఫుడ్ బ్యాంక్ కోసం బియ్యం, కందిపప్పు ప్యాకెట్లు కూడా.

మీ వీధిలో మాజీ సైనికులుంటే మీరే వెళ్ళి పిలవండి, కారులో తీసుకొస్తే ఇంకా మంచిది.

ఎంతమంది వస్తున్నారో 8వ తేదీలోగా ఇక్కడే చెప్పండి, మర్చిపోవద్దు!