పందిరి లేని పెళ్లికి గొడుగులు పట్టినవాళ్లకి

మొన్న శనివారం న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో మా పెళ్లయింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామంటే మాట మొదలవ్వకముందే ఏడుపొస్తోంది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ఒక హాల్ బుక్ చేసుకున్నాం. ఏడు వారాల ముందు వాళ్లు ఫోన్ చేసి, ఆ రోజు ఇంకెవరికో ఇచ్చేశాం అన్నారు. అడ్వాన్స్ వెనక్కిచ్చి చేతులు దులుపుకున్నారు. ముహూర్తం మార్చడానికి నాన్న ససేమిరా అన్నారు. మర్నాడు ఆఫీసులో నా మొహం చూసి పక్క సీటు అక్క, "ఎంతమంది వస్తారు?" అని అడిగింది. 26 మంది అన్నాను. "దానికి హాలెందుకే?" అంది.

అక్కా, ఆ ఒక్క మాటకి నీకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. పార్కులో 20 మంది దాటితే పర్మిట్ తీసుకోవాలని, ఫీజు 25 డాలర్లేనని, కాకపోతే నెల ముందే అప్లై చేయాలని చెప్పింది నువ్వే. పెళ్లి లైసెన్స్ తీసుకున్నాక 24 గంటలు ఆగాలి, 60 రోజుల్లోపు పెళ్లి అయిపోవాలి. న్యూయార్క్ నగరంలో పెళ్లి చేయించేవాళ్ల పేరు సిటీ క్లర్క్ దగ్గర రిజిస్టరై ఉండాలి కూడా. మా పంతులుగారు ఉండేది న్యూజెర్సీలో. విసుక్కోకుండా ఆ కాగితాల పనంతా ఆయనే చూసుకున్నారు. మీకు పాదాభివందనం పంతులుగారూ.

6వ అవెన్యూ వైపు నుంచి లోపలికి వెళ్తే బండ మీద కొమ్మలతో కట్టిన చిన్న పాక ఉంటుంది, కాప్ కాట్ అంటారు. అక్కడే చేసుకుందామనుకున్నాం. తీరా చూస్తే గుంజ పాతకూడదు, తోరణం కట్టకూడదు, మైకు పెట్టకూడదు, మంట వెలిగించకూడదు, బియ్యం చల్లకూడదు. "ఇంకేం మిగిలిందే పెళ్లిలో?" అంది అమ్మ.

హోమం, సప్తపది మర్నాడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బాబాయి వాళ్ల పెరట్లో పెట్టుకున్నాం. నాకు బెంగంతా తలంబ్రాల మీదే. అప్పుడు పిన్ని, "భద్రాచలంలో రాముడికే ముత్యాల తలంబ్రాలు పోస్తారు, నీకేం తక్కువ?" అంది. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని ప్లాస్టిక్ ముత్యాలు, మధ్యమధ్య పసుపు రంగు పూసలు వేసి దారానికి గుచ్చింది. జానెడు పేటలు, మొత్తం 60. దోసిళ్లతో తీసి ఒకరి తల మీద ఒకరం వేసుకున్నాం. కొన్ని నా జడలో చిక్కుకుపోయాయి. అంతా అయ్యాక పిన్ని బండ మీద చతికిలబడి లెక్కపెట్టింది. 59. అరవయ్యోది పెళ్లికొడుకు లాల్చీ జేబులో దొరికేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు!

పందిరి బదులు గొడుగులన్న ఐడియా మా ఆడపడుచుది. రంగుల గొడుగు ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, నల్లది మాత్రం వద్దు అని అందరికీ మెసేజ్ పెట్టింది. ఎరుపు, చిలకాకుపచ్చ, మామిడిపండు రంగు... ఒక ఫ్రెండ్ నల్లదే పట్టుకొచ్చి, దాని చుట్టూ వాళ్లావిడ పసుపు చున్నీ చుట్టాడు. ఫోటోల్లో అన్నిటికంటే అదే బాగుంది.

గాలి మాత్రం మా మాట వినలేదు. అడ్డుతెర పదేపదే పైకి లేచిపోతోంది. జీలకర్ర బెల్లం పెట్టకముందే మేమిద్దరం మూడుసార్లు చూసేసుకున్నాం. చివరికి బాబాయి, మోకాళ్ల నొప్పులతోనే కింద కూర్చుని తెర అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. బాబాయ్, పంచె మీద ఆ మట్టి మరక పోయిందా?

సన్నాయి లేదు. పంతులుగారు "గట్టిమేళం" అనగానే మా రూమ్మేట్లు నలుగురూ స్టీలు పళ్లేల మీద గరిటెలతో మోత మోగించారు. అటుగా వెళ్తున్న టూరిస్టులు ఆగి చప్పట్లు కొట్టారు. తెనాలిలో అప్పటికి రాత్రి ఎనిమిది దాటింది. వీడియో కాల్‌లో అమ్మమ్మ అక్షింతలు ఫోన్ మీదే వేసేసి, "ఆ గుడిసె ఎవరిదే? అద్దె ఎంత తీసుకున్నారు?" అని అడిగింది.

పులిహోర, దద్ధోజనం డబ్బాలు తెల్లవారుజామున ట్రైన్‌లో మోసుకొచ్చిన తమ్ముళ్లకి వేరే చెప్పాలా? పార్కులోనే షీప్ మెడో అనే మైదానంలో గడ్డి మీద కూర్చుని తిన్నాం. 1934 దాకా అక్కడ నిజంగానే గొర్రెలు మేసేవట. డబ్బాలు ఎంత ఖాళీ అయ్యాయంటే పెళ్లికొడుక్కి దద్ధోజనం మిగల్లేదు. ఇంకా దెప్పుతున్నాడు.

అన్నట్టు, రెండు గొడుగులు మా ఇంట్లో ఉండిపోయాయి. చిలకాకుపచ్చది ఒకటి, పిడి విరిగిన ఎర్రది ఒకటి. ఎవరివో చెబితే ఈ ఆదివారం తెచ్చిస్తాను. ఎర్రదానికి పిడి వేయించి మరీ.