కంప్యూటరు చదవలేని కంటి ఫొటోను ‘బాగుంది’ అనుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

షుగరు ఉన్నవారి కంటి లోపలి రెటీనా పొరను ఫొటో తీస్తే, పక్కన కంటి వైద్యుడు లేకపోయినా కంప్యూటరే పరిశీలించి, షుగరు వల్ల ఆ పొరకు వచ్చే జబ్బు జాడ చెప్పే పద్ధతి ఇప్పుడు ఆచరణలోకి వచ్చింది. 2016లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో కంప్యూటరుకు నేర్పడానికి వాడిన సుమారు 1.28 లక్షల ఫొటోలలో అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రులకు వచ్చిన మన రోగులవి కూడా ఉన్నాయి కనుక, ఆ ఫలం మన పల్లెల ఆరోగ్య కేంద్రాలకు అందాలని గట్టిగా అడగవచ్చు. ఈ జబ్బుకు మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. గోడ మీది అక్షరాలను చివరి వరుస దాకా చదివిన మనిషికి కూడా రెటీనాలో సన్నని ఎర్ర చుక్కలు మొదలై ఉండవచ్చు.

అయితే నిరుడు మా ఊరి బడిలో జరిగిన ఒక శిబిరంలో చూసింది చెప్పాలి. కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశారు. మా అమ్మ గడ్డం ఆనించి, రెప్ప వేయకుండా కూర్చుంది. కుడి కంటి ఫొటో ఎర్రగా, నరాలతో సహా తెర మీద కనబడింది. శుక్లం ఉన్న ఎడమ కంటిది మాత్రం మూడుసార్లు తీసినా మసకగానే వచ్చింది. చీటీలో ఆ కంటి ఎదురుగా ‘స్పష్టత లేదు’ అని రాసి పంపారు. అమ్మ దానిని ‘ఏమీ లేదట’ అని అర్థం చేసుకుంది. ఎనిమిది నెలల తర్వాత పెద్దాసుపత్రిలో చుక్కలు వేసి చూస్తే, ఆ కంట్లోనే రక్తం చిమ్మి ఉంది. లేజరు చేశారు గానీ, పోయిన చూపు రాలేదు.

ఇది మా ఇంటి కష్టం మాత్రమే కాదు. థాయిలాండ్‌లో 11 క్లినిక్కుల్లో ఇటువంటి పద్ధతిని పెట్టి చూసినప్పుడు, ఐదో వంతుకు పైగా ఫొటోలు సరిగా లేవని కంప్యూటరు తిప్పికొట్టినట్లు 2020లో ప్రచురితమైంది. వెలుతురు ఎక్కువైన గదులు అందుకు ఒక కారణం.

కాబట్టి, చదవలేని ఫొటో వచ్చిన ప్రతి రోగినీ జబ్బు ఉన్నవారితో సమానంగా లెక్కించి, పేరు రాసుకుని, కంటి వైద్యుడి దగ్గరికి పంపాలి. వెళ్లారో లేదో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి కనుక్కోవాలి. నెలనెలా షుగరు మాత్రలు ఇచ్చేటప్పుడు రాసే పుస్తకంలోనే కంటి ఫొటో ఫలితానికీ, వైద్యుడిని కలిసిన తేదీకీ రెండు గడులు చేర్చాలని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా