ఆ పీడీఎఫ్ పక్కన పెట్టు పాపా

పాపా,

ఇంటర్వ్యూకని నువ్వు పంపిన పీడీఎఫ్ మొత్తం చదివాను. 50 ప్రశ్నలు, 50 జవాబులు, ఒక్కటి కూడా నీ మాటలా లేదు. ఫోన్‌లో చెబుదామంటే నాయనమ్మకి మందుల టైమ్ అయిందని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. ఒంగోల్లో కరెంటు ఉన్నప్పుడు తీరిగ్గా చదువుకో.

మా రొయ్యల ప్లాంట్ ల్యాబ్‌కి ట్రైనీలను తీసుకునేటప్పుడు మేనేజర్ నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుంటారు కదా. వచ్చిన పిల్లల్లో చాలామంది హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్ అని పద్యం అప్పజెప్పినట్టు చెప్పేస్తారు. పాపం వాళ్లు మంచి పిల్లలే, కానీ వెళ్లిపోయాక ఎవరు ఏం చెప్పారో మాకే గుర్తుండదు. రొయ్యలు తెచ్చేవాళ్లలో కొందరు ఏం చేస్తారో నీకు తెలుసు, క్రేట్‌లో పైన కిలోకి 30 తూగేవి పేర్చి అడుగున 50 తూగేవి వేస్తారు, అది తెలిసే మేం చెయ్యి అడుగుదాకా పెట్టి తీస్తాం. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న ఆ చెయ్యే. "టీమ్ ప్లేయర్ అన్నావు కదమ్మా, టీమ్‌లో ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా, అప్పుడు నువ్వేం చేశావు?" అని అడిగితే ఆ పీడీఎఫ్‌లో ఏముంది చెప్పడానికి?

నీ దగ్గర చెప్పడానికి ఉంది, నువ్వే దాచేస్తున్నావు. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ గురించి రెజ్యూమేలో ఒక్క లైన్ రాసి వదిలేశావు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల నుంచి నీళ్లు తెచ్చి, విబ్రియో బ్యాక్టీరియా కోసం, అవి పెరిగే టీసీబీఎస్ మీడియా ప్లేట్ల మీద వేసి, పసుపు కాలనీలెన్ని ఆకుపచ్చవెన్ని అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావే, ఆ పని. అందులో ఒకసారి శాంపిలే వెయ్యని కంట్రోల్ ప్లేట్ మీద కూడా కాలనీలు లేచాయి. ఆ ఒక్క ప్లేట్ పారేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని నీ ఫ్రెండ్ అంది. నువ్వు మేడమ్‌కి చెప్పేశావు, ఆ సెట్ మొత్తం తీసేశారు, వాడిన పిపెట్ మళ్లీ శాంపిల్ పలచన చేసే ఉప్పునీళ్ల సీసాలోకి పోయిందని కనిపెట్టి, మళ్లీ గుంటల దగ్గరికి వెళ్లి నీళ్లు తెచ్చుకున్నావు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఎంత ఏడ్చావో! ఇప్పుడేమో అది చెబితే పరువు పోతుందంటున్నావు.

పరువు పోవడం కాదు, ఉద్యోగం ఇప్పించేది అదే. నువ్వు వెళ్లేది హైదరాబాద్ వైపు మందుల కంపెనీ మైక్రోబయాలజీ ల్యాబ్‌కి. నెగటివ్ కంట్రోల్‌లో, అంటే శాంపిల్ వెయ్యని అలాంటి ప్లేట్ మీద ఏదైనా పెరిగితే ఆ టెస్ట్ చెల్లదు, ఆ సంగతి దాచిపెట్టే మనిషి ల్యాబ్‌లో ఉంటే కంపెనీకే ముప్పు. డేటా ఇంటెగ్రిటీ అని వాళ్లు పొద్దస్తమానం అనేది దీన్నే. చూసింది చూసినప్పుడే రాయాలి, తప్పు రాస్తే రుద్దకూడదు, వైట్‌నర్ పెట్టకూడదు, ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ వెయ్యాలి. కష్టమైన సందర్భం చెప్పమన్నా, ఎప్పుడైనా ఫెయిల్ అయ్యావా అన్నా, టెన్షన్ ఎలా తట్టుకుంటావన్నా, నిన్నే ఎందుకు తీసుకోవాలన్నా ఈ ఒక్క సంగతి చాలు, ఎక్కడ ఏది ముందు చెప్పాలో మార్చుకుంటావంతే. ఎక్కడ, ఏం జరిగింది అన్నది రెండు ముక్కల్లో తేల్చెయ్. నువ్వేం చేశావో మాత్రం వివరంగా చెప్పు, చివర ఏం తేలిందో చెప్పి ఆపు. మా దగ్గరికొచ్చే పిల్లలు కథంతా చెప్పి అసలు చోట "మేం చేశాం, మేం చూశాం" అని మింగేస్తారు. మేం కాదు, నేను అనాలి. గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని నీకు సిగ్గు, నాకు తెలుసు.

"నీ గురించి చెప్పు" అంటే పేరు, ఊరు, నాన్న ఏం చేస్తారు, హాబీలు అని మొదలుపెట్టకు, అవన్నీ వాళ్ల చేతిలో కాగితం మీద ఉన్నాయి. ఏం చదివావు, చేత్తో ఏం చేశావు, ఈ ఉద్యోగం ఎందుకు కావాలి, రెండు నిమిషాల్లో అయిపోవాలి. వాక్యాలు రాసుకుని బట్టీ పట్టొద్దు. నాలుగు మాటలు కాగితం మీద రాసుకుని, నాయనమ్మ ఎదురుగా కూర్చుని రోజూ కొత్తగా చెప్పు, తనకి తెలుగులోనే చెప్పు.

బలహీనత అడిగితే ఎక్కువ పని చేస్తాను, పర్ఫెక్షన్ కావాలంటాను లాంటివి వద్దు, విన్నవాళ్లు లోపల నవ్వుకుంటారు. కొత్త చోట నోరు తెరిచి అడగడానికి నీకు టైమ్ పడుతుంది కదా, అది చెప్పు, దానికి ఇప్పుడు ఏం చేస్తున్నావో చెప్పు. కానీ నిజాయితీ పేరుతో "రికార్డు లేటుగా రాస్తాను" అని మాత్రం అనకు తల్లీ, ఆ ల్యాబ్‌లో అది చాలు తలుపు చూపించడానికి.

సబ్జెక్ట్‌లో ఎందుకు అన్నది చూసుకో. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 15 నిమిషాలు అని అందరూ చెబుతారు. ఆ ప్రెషర్ ఎందుకు, ఆవిరి 121కి చేరాలంటే అంత ప్రెషర్ కావాలి కాబట్టి. సరిగ్గా స్టెరిలైజ్ అయిందని ఎలా తెలుస్తుంది, వేడికి తొందరగా చావని జియోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు లోపల పెట్టి అవి చచ్చాయో లేదో చూస్తారు. టీసీబీఎస్‌ని ఆటోక్లేవ్‌లో పెట్టకుండా మరిగించి ఎందుకు వదిలేశావని అడిగినా అడుగుతారు, అది నీకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది అడిగితే తెలియదను. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమను, ఊహించి వేరే దానికి జవాబు చెప్పడం కంటే అది నయం.

ఏడాది గ్యాప్ ఎందుకంటే నాయనమ్మకి పక్షవాతం వచ్చింది, దగ్గరుండి చూసుకున్నాను, ఇప్పుడు ఆవిడ లేచి నడుస్తున్నారు. అంతే. క్షమాపణ అడిగే గొంతు పెట్టకు.

పెళ్లెప్పుడు అని కూడా అడుగుతారు. అబ్బాయిలను అలా అడగడం నేనెప్పుడూ వినలేదు, మా మేనేజర్ అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అయినా నువ్వు అక్కడ వాదనకు దిగకు, "ఇప్పుడు ఉద్యోగంలో చేరి పని నేర్చుకోవాలనే అనుకుంటున్నానండీ" అని ఆగిపో. నైట్ షిఫ్ట్ చేస్తావా అంటే చేస్తానని చెప్పి, అమ్మాయిలకు బస్సు ఉందా అని నువ్వే అడుగు. ఇంకేమైనా అడుగుతావా అన్నప్పుడు లేదని తల ఊపి లేచి రాకు, మొదటి ఆరు నెలలు ఏ సెక్షన్‌లో వేస్తారు, నీళ్ల టెస్టింగా స్టెరిలిటీనా అని అడిగితే నీకు పని మీద ఆసక్తి ఉందని తెలుస్తుంది.

జీతం దగ్గర మోసపోకు. సీటీసీ అంటే కంపెనీకి నీ మీద అయ్యే మొత్తం ఖర్చు, అది ఏడాదికి 3 లక్షలు అంటే నెలకు 25,000 చేతికి వస్తాయనుకుంటావు, రావు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ చాలాచోట్ల అందులోనే కలిపేస్తారు, నీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 15,000 మీద లెక్క కడితే 1,800, విడిగా కోస్తారు, తెలంగాణలో 20,000 దాటితే ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. అందుకే నెలకు చేతికి ఎంత వస్తుందని మర్యాదగా అడుగు. ఇన్నేళ్లు మానకూడదని బాండ్ అడిగితే కాగితం ఇంటికి తెచ్చి చదివాకే సంతకం. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, వదిలి రాకు. డబ్బు కట్టమంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్.

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి నిద్ర కళ్లతో అదే రోజు ఇంటర్వ్యూకి పరిగెత్తొద్దు. ముందు రోజే పిన్ని వాళ్లింటికి వెళ్లిపో, ఆ రెండు రోజులు నాయనమ్మ దగ్గరికి నేను వస్తాను, లీవు అడిగేశాను.

ఆదివారం సాయంత్రం నాన్న ఫోన్ చేసి ఇంగ్లిష్‌లో ప్రశ్నలు అడుగుతానంటున్నారు. నవ్వితే నవ్వుకో, ప్లేట్ల సంగతి మాత్రం ఆయనకి మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లిష్‌లోనే చెప్పు.

అమ్మ