గూడెం చేతికి సంతకం రావాలి

సంపాదక మహాశయా,

డోలీలో గర్భిణిని మోసుకొచ్చారన్న వార్త వచ్చినప్పుడల్లా రోడ్డు మీద, అంబులెన్సు మీద చర్చ జరుగుతుంది. జరగాల్సిందే. ఏజెన్సీలో ఆసుపత్రి ఎలా నడవాలో నిర్ణయిస్తున్నది ఎవరన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ పక్కకు పోతోంది. ఆదివాసీలను లబ్ధిదారుల జాబితాలో లెక్కపెడుతున్నారే తప్ప, ఆ సేవలను నడిపించగల వాళ్లుగా చూడడం లేదు.

మలేరియానే తీసుకోండి. వేలి నుంచి రక్తపు చుక్క తీసి కిట్‌లో వేస్తే 20 నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. ఆ పని ఆశా కార్యకర్త గూడెంలోనే చేయగలదు. వైవాక్స్ రకమని తేలితే క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి (గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు). మూడో రోజుకల్లా జ్వరం తగ్గుతుంది, మాత్రలు వేసుకోవడమూ అక్కడితోనే మానేస్తారు. కాలేయంలో దాగిన క్రిమి కొన్ని వారాలకో, నెలలకో మళ్లీ లేచి జ్వరం తిరగబెడుతుంది. అప్పుడు ‘అవగాహన లేమి’ అని రాసేస్తారు. జ్వరం పోయాక కూడా ఇంకో 11 రోజులు మాత్ర ఎందుకు వేసుకోవాలో కువి మాట్లాడే మనిషికి కువిలో, గోండి మాట్లాడే మనిషికి గోండిలో చెప్పింది ఎవరు? అలా చెప్పగలిగిన తమ పిల్లనో పిల్లాణ్నో ఎంచుకుని జీతం ఇప్పించే అధికారం గ్రామసభకు ఉంటే ఈ లోటు ఇన్నేళ్లు సాగేది కాదు.

చట్టం అడ్డు కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షను, సామాజిక రంగాల సంస్థల మీదా సిబ్బంది మీదా నియంత్రణను గ్రామసభలకు, పంచాయతీలకు ఇవ్వమంటోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనే నిబంధనలూ వచ్చాయి. ఆ చట్టం దృష్టిలో ఊరంటే ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాల గుంపు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల పంచాయతీ కేంద్రమే ఊరైపోతోంది. కొండ మీద నుంచి రెండు గంటలు నడిచి రావాల్సిన సభ్యురాలికి సమావేశం ఉందన్న కబురే అందదు.

ఈ కమిటీకి ఏటా రూ.10,000 అన్‌టైడ్ నిధి ఉంది. చిన్న మొత్తమే అయినా ఊరు తన అవసరం చూసుకుని వాడుకోదగిన డబ్బు. ఊటబావికి గట్టు కట్టుకోవచ్చు, నొప్పులొచ్చిన మనిషికి జీపు కిరాయి ఇవ్వచ్చు. అదే నిధి మార్చిలో చేతికొస్తే, నెలాఖరులోగా లెక్క చూపాలన్న తొందరలో బ్లీచింగ్ పౌడరు బిల్లే గతి. అందుకే ఖర్చుల తీర్మానం ఏప్రిల్‌లోనే గ్రామసభలో రాసుకుని ఉంచాలి. ఖాతా నడిపే రెండు సంతకాల్లో ఒకటి గూడెం మహిళది కావాలి. నెలనెలా పుస్తకంలో మూడు సంగతులు తప్పకుండా ఎక్కాలి: టీకాల రోజున ఏఎన్ఎం వచ్చిందా లేదా, కిట్లూ మాత్రలూ ఎన్ని మిగిలాయి, 108 ఎక్కడిదాకా వచ్చి ఆగింది. ఒక ప్రతి పీహెచ్‌సీ వైద్యాధికారికి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే ఆ కాగితం అందనే లేదంటారు.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఆసుపత్రి కట్టేముందు గోండులనే అడిగారు. పెద్ద భవనాలంటే భయమని, అయినవాళ్లను దగ్గర ఉండనివ్వరని వాళ్లు చెప్పారు. దాంతో ఆసుపత్రి గుడిసెల్లా కట్టారు, వెంట వచ్చినవాళ్లు ఉండడానికి చోటిచ్చారు, దంతేశ్వరి అమ్మవారి పేరు పెట్టారు. మన గర్భిణుల వసతి గృహాలు కట్టేటప్పుడు, చంకలో ఇంకో బిడ్డ ఉన్న తల్లి ఆ బిడ్డను ఎవరి దగ్గర వదిలి రావాలని ఎవరైనా అడిగారా?

అడిగి ఊరుకోకుండా అప్పగించిన చోట్లూ ఉన్నాయి. అమెరికాలో 1975 నాటి చట్టం కింద ఆదివాసీ తెగలు ప్రభుత్వ ఆరోగ్య సేవలను బడ్జెట్‌తో సహా తీసుకుని తామే నడుపుకోవచ్చు. అలాస్కాలో సౌత్‌సెంట్రల్ ఫౌండేషన్ అలా నడుస్తున్నదే. అక్కడ రోగిని యజమానిగా లెక్కిస్తారు, కోరిన రోజే తన వైద్య బృందాన్ని కలిసే వీలుంటుంది. న్యూజిలాండ్ అనుభవం వేరు. మావోరీ ఆరోగ్య సంస్థ 2022 జూలైలో మొదలైంది, ప్రభుత్వం మారాక 2024 జూన్‌తో రద్దయింది. మన దగ్గర పెసా దాదాపు ముప్పై ఏళ్లుగా నిలిచే ఉంది, అమలు చేయడమే మిగిలింది.

ఏజెన్సీలోని ప్రతి ఆసుపత్రి అభివృద్ధి సొసైటీలో సగం మంది సభ్యులను గ్రామసభలే ఎన్నుకోవాలి. పీహెచ్‌సీకి ఒకరు చొప్పున స్థానిక భాష తెలిసిన దుబాసీ పోస్టు మంజూరు చేయాలి. కమిటీ పుస్తకంలోని ఫిర్యాదుకు 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని ఐటీడీఏలు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు) ఉత్తర్వులివ్వాలని కోరుతున్నాం.

– ఏజెన్సీ ప్రాంత ప్రజారోగ్య కార్యకర్తలు