రాత్రి పదిన్నరకు మెసేజ్

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉద్యోగంలో పైకొచ్చినవాళ్ల గురించి పత్రికల్లో వచ్చే కథనాలు నేను వదలకుండా చదువుతాను. చాలావాటిల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది, ఆయన రోజుకు నాలుగు గంటలే నిద్రపోతారనో, ఇన్నేళ్లలో ఒక్క సెలవూ పెట్టలేదనో. దాన్ని గొప్పగా రాస్తారు. దయచేసి అలా రాయొద్దని అడగడానికే ఈ ఉత్తరం.

నేనూ అలా బతికినవాణ్నే. ఎనిమిదేళ్లు ఒక టీమ్‌ని నడిపాను. రాత్రి పదిన్నరకు ఏదైనా గుర్తొస్తే మర్చిపోతానేమోనని అప్పుడే మెసేజ్ పెట్టేసేవాణ్ని, వాళ్లు పొద్దున చూసుకుంటారులే అనుకుని. రెండు నిమిషాల్లో జవాబు వచ్చేసేది. నా టీమ్ ఎంత చురుగ్గా ఉందోనని సంతోషపడేవాణ్ని కూడా. తర్వాత ఒకావిడ ఉద్యోగం మానేసి వెళ్లిపోతూ, "సార్, మీ మెసేజ్ వస్తుందేమోనని పాపని నిద్రపుచ్చేటప్పుడు కూడా ఫోన్ చేతిలోనే పట్టుకునేదాన్ని" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో బయటపెట్టిన అధ్యయనం చూడండి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే ఇలా 7,45,000 మంది పోయారని అంచనా. రోజుకు 8 గంటలు, వారానికి 48 అన్నది 1919 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది. కానీ ఆఫీసు ఫోన్‌లో పడి ఇంటిదాకా వచ్చేశాక ఆ 8 గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో ఎవరికి తెలుసు? పనివేళలు అయ్యాక జవాబు ఇవ్వక్కర్లేదనే హక్కు ఫ్రాన్స్‌లో 2017లోనే చట్టంగా అమల్లోకి వచ్చింది.

సాయంత్రాలు ఖాళీగా ఉంచుకోండి అని చాలామంది చెబుతారు. నా అనుభవంలో అది పనిచెయ్యలేదు, ఖాళీ కనిపిస్తే చాలు పని వచ్చి కూర్చుంటుంది. నన్ను మార్చింది షటిల్. డబుల్స్‌కి నలుగురు కావాలి, నేను వెళ్లకపోతే మిగతా ముగ్గురూ ఊరికే నిలబడాలి. "ఏంటి, ఇంకా రాలేదు?" అని ఎదురుచూసే మనుషులు ఆఫీసు బయట కూడా ఉంటే లేవడం దానంతట అదే వస్తుంది. ఆట బాగా ఆడాలని కూడా లేదు, నేను బాగా ఆడను. మొదటి నెలంతా కోర్టులో ఉన్నా మనసు మెయిల్స్ మీదే ఉండేది, ఆ టెన్షన్ తగ్గడానికే చాలా రోజులు పట్టింది.

రెండు చోట్ల పనిచేస్తే తప్ప ఇల్లు గడవని వాళ్లకు ఈ మాటలు చెప్పే హక్కు నాకు లేదు. వాళ్లకు కావాల్సింది సలహా కాదు, సరైన జీతం. నేను అడుగుతున్నది చేతిలో అధికారం ఉండి కూడా రాత్రిళ్లు మెసేజ్‌లు పెట్టే నాలాంటి వాళ్ల గురించి, వాళ్లను ఆదర్శంగా చూపించే మీ గురించి.

ఇకపై అలాంటి ఇంటర్వ్యూ చేసినప్పుడు, మీరు ఎన్నింటికి ఇంటికెళ్తారు, మీ కింద పనిచేసేవాళ్లు ఎన్నింటికి వెళ్తారు అని కూడా అడగండి. ఏం చెప్పినా, చెప్పింది చెప్పినట్టు అచ్చెయ్యండి.

— మీ పాఠకుడు